ఇంటి లెక్క ఇల్లాలిని అడగండి

దేశంలో ఒక మనిషి నెలకు ఎంత ఖర్చుతో బతుకుతున్నాడో చెప్పే లెక్క ఒకటి ప్రభుత్వం దగ్గర ఉంది. 2023-24లో చేసిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పల్లెలో తలకు సగటున 4,122 రూపాయలు, పట్నంలో 6,996 రూపాయలు. మన క్లాసులో ఈ అంకెలు చెబితే సగం మంది "అంత ఎక్కడిది?" అన్నారు. మిగతా సగం మంది "అంతేనా?" అన్నారు. రెండు మాటలూ నిజమే. సగటు అంటేనే అంత. అదే సర్వేలో పల్లెల్లో అందరికన్నా అడుగున ఉన్న ఐదు శాతం మంది తలసరి ఖర్చు 1,677 రూపాయలు. పట్నాల్లో అందరికన్నా పైన ఉన్న ఐదు శాతం మందిది 20,310 రూపాయలు. ఈ రెండింటి మధ్యలో ఎక్కడో మనం ఉన్నాం.

ఈ సర్వే దండగ అని చెప్పడానికి నేనీ వ్యాసం రాయడం లేదు. ఇది కావాలి, మళ్లీ మళ్లీ జరగాలి. కానీ ఇంటి లెక్క అడగడానికి వచ్చినవాళ్లు ఇంట్లో ఎవరిని అడుగుతున్నారు, ఏ మాటలతో అడుగుతున్నారు అన్న రెండు సంగతుల మీద నాకు పేచీ ఉంది. ఆర్థికశాస్త్రం వాళ్లు రాయాల్సింది తెలుగు వాళ్ల గోడపత్రికలో ఎందుకు అంటారేమో. అడగడం అంటే మాట కదా. మాట సంగతి మనమే మాట్లాడాలి.

ముందు సర్వే ఎలా జరుగుతుందో చెప్తాను. 1950లో ప్రశాంత చంద్ర మహలనోబిస్ చొరవతో జాతీయ నమూనా సర్వే మొదలైంది. ఆయన పుట్టినరోజు జూన్ 29నే ఇప్పుడు గణాంక దినోత్సవంగా జరుపుతున్నారు. ఇంత దేశంలో ప్రతి ఇంటికీ వెళ్లి పద్దు రాయడం అయ్యే పని కాదు. అందుకని కొన్ని ఇళ్లను ఏరి అడుగుతారు. ఇది మన అమ్మలకు కొత్త విద్యేం కాదు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు అంటారు కదా, అదే ఇది. అయితే పైన మెతుకు ఒకలా ఉంటుంది, అడుగున మాడినది ఇంకోలా ఉంటుంది. అందుకే పల్లెల్లో ఇళ్లను ఉన్న భూమిని బట్టి, పట్నాల్లో ఉన్న కారును బట్టి గుంపులు చేసి, ప్రతి గుంపు నుంచీ కొన్ని తీసుకుంటారు. 2023-24లో అలా 2,61,953 ఇళ్లను అడిగారు.

ప్రశ్నపత్రం ఒక్కటి కాదు, మూడు. తిండి సరుకులకు ఒకటి, రోజువారీ వాడకం వస్తువులకూ సేవలకూ ఒకటి, ఏళ్ల తరబడి ఉండే సామానుకు ఒకటి. 2022-23 నుంచి ఒకే ఇంటికి మూడుసార్లు వచ్చి ఈ మూడూ విడివిడిగా అడుగుతున్నారు. మొత్తం 405 రకాల వస్తువులు. కూరగాయలు, నూనె, గుడ్లు, మాంసం, చాయ్, పాన్, పొగాకు, మందు ఇవన్నీ గడిచిన ఏడు రోజుల లెక్క. బియ్యం, పప్పు, గ్యాసు, కరెంటు, ఇంటి కిరాయి ముప్పై రోజుల లెక్క. బట్టలు, చెప్పులు, చదువు, ఆస్పత్రిలో చేరితే అయిన ఖర్చు, కొన్న సామాను ఏడాది లెక్క. పొలంలో పండించుకుని తిన్నదానికీ, అడవి నుంచి తెచ్చుకున్న కట్టెలకూ కూడా ధర కట్టి కలుపుతారు. సర్కారు ఊరికే ఇచ్చే బియ్యానికీ, బడి పిల్లల బట్టలకూ, సైకిళ్లకూ ధర కట్టి వేరే ఒక అంకె చూపిస్తారు. అవి కలిపితే పల్లె సగటు 4,122 కాస్తా 4,247 అవుతుంది. సొంత ఇంట్లో ఉంటే మిగిలే కిరాయిని ఈ తలసరి ఖర్చులో కలపరు. ఇల్లు కట్టుకున్న ఖర్చూ, తీర్చిన అప్పూ ఇందులో రావు.

ఇంత శ్రమ ఎందుకంటే దీనిమీద చాలా నిలబడి ఉన్నాయి. ధరలు ఎంత పెరిగాయో చెప్పే సూచీలో బియ్యానికి ఎంత బరువు, ఫోను రీచార్జికి ఎంత బరువు అన్నది ఈ సర్వేతోనే తేలుస్తారు. 2013 ఆహార భద్రత చట్టం పల్లెల్లో 75 శాతం, పట్నాల్లో 50 శాతం మందికి చౌక ధాన్యం ఇవ్వాలంది. ఆ మొత్తంలో ఏ రాష్ట్రానికి ఎంత వాటా అన్నది 2011-12 సర్వే అంకెలను పట్టుకునే పంచారు. అంటే ఎవరో ఒక ఇంటి గడపలో కూర్చుని చెప్పిన జవాబులు, కలిసి కలిసి, ఇంకో ఇంట్లో కంట్రోల్ బియ్యం వస్తుందా రాదా అన్నదాకా పోతాయి. జవాబు తప్పైతే నష్టం ఆ ఇంటిది మాత్రమే కాదు.

ఇక మా ఊరి సంగతి. మాది మహారాష్ట్రలోని చంద్రపూర్. మా పెద్దవాళ్లు ఇప్పటికీ చాందా అనే అంటారు. బొగ్గు గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, బల్లార్‌పూర్ కాగితం మిల్లు, పెద్ద థర్మల్ కరెంటు కేంద్రం. వీటిలో పనికోసం ఆదిలాబాద్, కరీంనగర్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి. కొందరైతే ఎక్కడినుంచీ రాలేదు, హద్దే జరిగింది. మా పక్కనున్న రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. హద్దు జరిగినా మాట జరగలేదు.

సర్వే అంకెలు రాష్ట్రాలవారీగా వస్తాయి. 2022-23లో మహారాష్ట్ర పల్లెల సగటు 4,010, తెలంగాణ పల్లెలది 4,802. రాజురా దాటి ఇటు వస్తే మనిషి దగ్గర దగ్గర ఎనిమిది వందలు ఎక్కువ ఖర్చు పెడతాడనుకోవాలా? హద్దుకు అటూ ఇటూ అదే పత్తి, అదే నేల, అదే ఎండ. జివతి తాలూకాలో పద్నాలుగు ఊళ్లున్నాయి. వాటికోసం రెండు రాష్ట్రాలూ ఏళ్లుగా పోట్లాడుకుంటున్నాయి. అక్కడి జనానికి రెండు రేషన్ కార్డులు, రెండు ఓటు కార్డులు ఉన్నాయని పేపర్లలో చాలాసార్లు వచ్చింది. రెండు ప్రభుత్వాల బియ్యం ఒకే పొయ్యి మీద ఉడుకుతాయి. ఆ ఇంటి పద్దు ఏ రాష్ట్రం సగటులో వేయాలి? అంకె మీద నమ్మకం ఉంచుకుంటూనే, అంకె కింద మనుషులు ఎలా ఉన్నారో చూడాలని చెప్పడానికే ఈ ఉదాహరణ.

అయితే రాష్ట్రం హద్దు కంటే ఇంటి లోపలి హద్దు పెద్దది. నా అసలు మాట అక్కడే.

సర్వే లెక్కలో కుటుంబం అంటే మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంటింట్లో తినేవాళ్లు. చక్కని నిర్వచనం. కుటుంబాన్ని వంటింటితో కొలిచారు కాబట్టి వంటింట్లో ఉన్న మనిషినే అడుగుతారనుకుంటాం. జరిగేది వేరు. తలుపు కొట్టిన మనిషి చేతిలో ట్యాబ్ ఉంటే, మెడలో కార్డు ఉంటే, మా వీధిలో ఏ అమ్మా ముందుకు రాదు. "ఆయన్ని పిలుస్తా ఉండండి" అంటుంది. ఆయన వచ్చి కుర్చీలో కూర్చుంటాడు. ఆమె తలుపు వెనక నిలబడుతుంది. కిందటి ఏడు రోజుల్లో నూనె ఎంత వాడారు అని అడిగితే ఆయన తల వెనక్కి తిప్పి చూస్తాడు. లోపలినుంచి ఆమె అంకె అందిస్తే ఆయన బయటికి చెప్తాడు. అందించకపోతే తోచింది చెప్తాడు. ఆడవాళ్లు జవాబు చెప్పకూడదని సర్వే నియమం ఎక్కడా లేదు. మన ఇళ్ల నియమం అది.

నిజానికి ఒక ఇంటి లెక్క ఒక్కరి దగ్గర ఉండదు. మా ఇల్లే చూడండి. బైకు పెట్రోలు, ఫోన్లు, కరెంటు బిల్లు బాపుకు తెలుసు. బియ్యం, నూనె, కూరగాయలు, సబ్బులు, చుట్టాలు వస్తే తెచ్చిన అరకిలో చికెన్ అమ్మకు తెలుసు. చైత్రంలో మహాకాళి జాతరకు ఎవరెవరు వచ్చి మా ఇంట్లో దిగారు, ఎన్ని పూటలు తిన్నారు, ఎవరికి చీర పెట్టాం అన్నది అవ్వకు తెలుసు. తమ్ముడు బయట తిన్న సమోసాలు వాడికొక్కడికే తెలుసు. ఈ నలుగురిలో ఏ ఒక్కరిని అడిగినా ఇంటి పద్దు కుంటుతుంది. ఒక్కరినే అడగాల్సి వస్తే మాత్రం, వస్తువుల పట్టికలో సగానికి పైగా అమ్మ చేతుల మీదుగా పోయేవే.

మందు సంగతి చూడండి. చంద్రపూర్ జిల్లాకు ఇందులో వేరే చరిత్ర ఉంది. శ్రమిక్ ఎల్గార్ సంస్థ ముందుండి నడిపిన ఆడవాళ్ల పోరాటం ఏళ్లపాటు సాగాక, 2015 ఏప్రిల్ 1 నుంచి జిల్లాలో మద్యనిషేధం వచ్చింది. 2021లో ఎత్తేశారు. ఎత్తేయడం మంచిదా కాదా అని మా ఊళ్లో ఇంకా వాదించుకుంటారు. ఒకరు దొంగసారా పెరిగిందంటారు, ఇంకొకరు ఇంట్లో కొట్లాటలు తగ్గాయంటారు. వాదన తేలాలంటే ఆ ఆరేళ్లలో ఇళ్ల ఖర్చు ఎలా మారిందో తెలియాలి కదా. తెలియదు. 2011-12 తర్వాత 2017-18లో సర్వే చేశారు కానీ, నాణ్యత సరిగా లేదని 2019 నవంబర్‌లో ప్రభుత్వం ఆ ఫలితాలు విడుదల చేయబోమంది. ఆ తర్వాత సర్వే 2022 ఆగస్టులోనే మొదలైంది. మా ఆడవాళ్లు సాధించుకున్న నిషేధం మొదలైందీ, పోయిందీ ఆ పదకొండేళ్ల ఖాళీలోనే.

ఒకవేళ ఆ ఫలితాలు వచ్చి ఉన్నా, ఎవరు నిజం చెప్పేవాళ్లు? నిషేధం ఉన్న ఊళ్లో, ఏడు రోజుల్లో ఎంత మందు కొన్నారు అని అడిగితే మగవాడు సున్నా అనే అంటాడు. నిషేధం లేని ఊళ్లో పెళ్లాం తలుపు వెనక ఉన్నప్పుడు అడిగినా సగమే చెప్తాడు. ఇలా తగ్గించి చెప్పగా కూడా 2022-23లో పల్లె ఇళ్ల ఖర్చులో పాన్, పొగాకు, మత్తు పదార్థాల వాటా 3.79 శాతం తేలింది. చదువు వాటా 3.30 శాతం. సర్కారు బడిలో చదువు ఊరికే దొరుకుతుంది కాబట్టి చదువు వాటా తక్కువ కనిపిస్తుందని అనొచ్చు, అది సరైన మాటే. అయినా ఈ రెండు అంకెలు పక్కపక్కన చూసినప్పుడు నాకు మా వీధి ఆడవాళ్లే గుర్తొస్తారు. ఎంత తాగాడో వాళ్లకు రూపాయల్లో తెలియకపోవచ్చు. ఎంత ఇంటికి రాలేదో మాత్రం పైసలతో సహా తెలుసు.

ఇప్పుడు తలసరి లెక్క. ఐదుగురున్న ఇంట్లో నెలకు ఇరవై వేలు ఖర్చయితే తలకు నాలుగు వేలు అని రాస్తారు. కాగితం మీద అందరికీ సమానం. కంచాల దగ్గర అలా పంచరని మనందరికీ తెలుసు. మొదట మగవాళ్లు, తర్వాత పిల్లలు, ఆఖరున గిన్నె అడుగున మిగిలింది అమ్మకు. గుడ్లు నాలుగే ఉంటే "నాకు వద్దులే, నీచు పడదు" అనేది ఎవరు? ఈ మాట సర్వేలో ఏ గడిలోనూ పట్టదు.

పట్టే సర్వే ఇంకొకటి ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడుగుతుంది, వేలి నుంచి రక్తం చుక్క తీసి చూస్తుంది. 2019-21లో చేసిన ఐదో సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అదే వయసు మగవాళ్లలో 25 శాతం. నెలసరి, కాన్పులు లాంటి శరీర కారణాలున్నాయి, తిండి ఒక్కటే కారణం అనను. కానీ వీళ్లిద్దరూ ఎక్కువగా ఒకే ఇళ్లలో ఉంటున్న మనుషులే. ఖర్చు సర్వే లెక్కలో ఇద్దరికీ ఒకే తలసరి, ఒకే జీవన ప్రమాణం. రక్తం చుక్క ఇంకో మాట చెబుతోంది. ఆడవాళ్లను విడిగా అడగడం కుదరదు అనేవాళ్లకు ఈ ఆరోగ్య సర్వేయే జవాబు. ఆ సర్వేలో ఏడు లక్షల మందికి పైగా ఆడవాళ్లను అడిగారు. కుదిరింది.

లెక్కకు రాని ఇంకో సంగతి పని. సంక్రాంతికి అమ్మ ఇంట్లో సకినాలు చుడితే బియ్యం, నువ్వులు, వాము, నూనె ధర మాత్రమే పద్దులోకి వస్తుంది. రాత్రి బియ్యం నానబోసి, పొద్దున పిండి పట్టించి, బట్ట మీద నడుం వంచి చుట్టిన పూటకు ధర లేదు. పక్కింటివాళ్లు అవే సకినాలు దుకాణంలో కొంటే పూర్తి ధర పద్దులోకి ఎక్కుతుంది. అంకెల ప్రకారం పక్కింటివాళ్ల బతుకు మాకన్నా మెరుగు. తిన్నవి అవే సకినాలు. పల్లె ఇళ్ల ఖర్చులో తిండిగింజల వాటా 2011-12లో 10.75 శాతం ఉండేది, 2022-23కు 4.91కి తగ్గింది. పానీయాలు, చిరుతిళ్లు, తయారుచేసి అమ్మే తిండ్ల వాటా 9.62కి చేరింది. జీవనం మెరుగైంది అని కొందరు దీన్ని చదువుతారు. కొంత నిజమే కావచ్చు. ఒకప్పుడు ఆడదాని చేతిలో ఊరికే జరిగిన పని ఇప్పుడు అంగట్లో ధరతో కనిపిస్తోందని కూడా చదవొచ్చు కదా.

2024లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారు, మగవాళ్లు 88 నిమిషాలు. అంటే ఒకరు దగ్గర దగ్గర ఐదు గంటలు, ఇంకొకరు గంటన్నర. డబ్బు లెక్క ఒక సర్వేలో, సమయం లెక్క ఇంకో సర్వేలో ఉన్నాయి. రెండూ ఒకే ఇంటి మీద పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆ ఇంటి జీవన ప్రమాణం ఏమిటో తెలుస్తుంది.

హాస్టల్లో ఉండే మనకూ ఇందులో చోటుంది, వింటే నవ్వొస్తుంది. ఈ సర్వేల పద్ధతిలో చదువుకోసం హాస్టల్లో ఉన్న విద్యార్థిని ఇంటి సభ్యురాలిగా లెక్కించరు. హాస్టల్లో ఒక్కొక్కరం ఒక్కో కుటుంబం. మా రూములో నలుగురం, అంటే నాలుగు కుటుంబాలం! ఒకే మెస్సులో తిన్నా అంతే. ఇందులో లెక్కలవాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. ఒక మనిషిని రెండుచోట్ల లెక్కపెట్టకూడదు కదా. కానీ నా ఫీజు కోసం, మెస్ బిల్లు కోసం అమ్మ ఏది మానుకుందో చూడండి. మానుకున్నది ఆ ఇంట్లో. ఎవరికోసం మానుకుందో ఆ మనిషి ఆ ఇంటి లెక్కలో లేదు. అమ్మ నెల అంతా చేసే అతిపెద్ద ఆలోచనకు ఆ ఇంటి పద్దులో పేరే ఉండదు.

ఇక భాష. మా ఊళ్లో తెలుగు ఇళ్లలో మూడు భాషలు నడుస్తాయి. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, ఆఫీసు మనిషితో హిందీ. మగవాళ్లకు పని దగ్గర మూడూ అలవాటవుతాయి. ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లకు కూరగాయల బేరానికి సరిపోయే మరాఠీ వస్తుంది. నాలుగు వందల వస్తువుల మీద ప్రశ్నలు మరాఠీలోనో హిందీలోనో అడిగితే ఆమె నోరు కట్టేసినట్టవుతుంది. "ఆయన్ని పిలుస్తా ఉండండి" అనడానికి సిగ్గు ఒక్కటే కారణం కాదు, భాష కూడా కారణం. ఎవరిని అడుగుతున్నారు, ఏ మాటలతో అడుగుతున్నారు అన్న నా రెండు పేచీలూ ఇక్కడ ఒకటైపోతాయి.

తెలుగులోనే అడిగినా సరిపోతుందా అంటే అదీ లేదు. 'వినియోగ వ్యయం' అన్న మాట మా అవ్వ దగ్గర అనండి. ఆమెకు వ్యయం అంటే ఉగాది పంచాంగంలో ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. "ఈ ఏడు నాది ఐదు పద్నాలుగు" అని చెప్పినా చెప్తుంది. 'ఖర్చు' అని అడిగితే? అమ్మ భాషలో ఖర్చు అంటే పెళ్లి, ఆస్పత్రి, పండగ. రోజూ తెచ్చుకునేవి 'సరుకులు'. "ఈ నెల ఖర్చేమైనా అయిందా?" అంటే "ఏం లేదు, ఉత్త సరుకులే" అంటుంది. ఆమె అబద్ధం చెప్పలేదు. మనం అడిగిన మాటకు ఆమె భాషలో ఉన్న అర్థానికి జవాబు చెప్పింది. 'ఎంత వాడారు' అనాలా, 'ఎంత పట్టింది' అనాలా, 'ఎన్నాళ్లు వచ్చింది' అనాలా? అమ్మ నూనె లెక్క లీటర్లలో చెప్పదు, "డబ్బా ఇరవై రోజులు వచ్చింది" అంటుంది. అవ్వ బియ్యం లెక్క కిలోల్లో చెప్పదు, సోలెడు, మానెడు, శేరు, పావుశేరు అంటుంది. ఆ కొలతలను అక్కడికక్కడ కిలోల్లోకి మార్చేటప్పుడు ఎన్ని గింజలు కింద పడతాయో!

దీనికి ఎదురుమాటలున్నాయి. ఒక్కొక్క ఇంట్లో అందరినీ విడివిడిగా అడిగితే సర్వే ఎప్పటికి పూర్తవుతుంది అంటారు. న్యాయమే. ప్రశ్నలు పెరిగితే జనం విసుగుతో ఏదో ఒకటి చెప్తారని అందరికీ తెలుసు, మూడుసార్లు రావడం పెట్టిందే ఆ విసుగు తగ్గించడానికి. ఇంకో ఎదురుమాట, ఆడవాళ్లను అడిగినా మొగుడి ముందు నిజం చెప్పరని. అదీ న్యాయమే.

నేను పెద్దగా ఏమీ అడగడం లేదు. ఎలాగూ మూడుసార్లు వస్తున్నారు కదా, తిండి సరుకుల ప్రశ్నపత్రం మాత్రం ఇంట్లో వంట చూసే మనిషినే అడగాలి, ఆమె వీలు చూసుకుని, మధ్యాహ్నం పని అయ్యాక. ఎన్ని ఇళ్లలో జవాబు ఆడవాళ్లు చెప్పారో, ఎన్ని ఇళ్లలో మగవాళ్లు చెప్పారో నివేదికలో చూపాలి. వాళ్ల అంకెలు వేరుగా ఉంటే ఎంత తేడానో చూపాలి. ఒక భాషవాళ్లు గుంపుగా ఉన్న బస్తీలకు ఆ భాష తెలిసిన మనిషిని, వీలైతే ఆడమనిషిని పంపాలి. చంద్రపూర్ తెలుగు బస్తీల్లో డిగ్రీ చదివిన అమ్మాయిలు లేకపోలేదు.

మన వైపు నుంచి చేయాల్సినవీ ఉన్నాయి. సర్వే మనిషి వస్తే రేషన్ కార్డు తీసేస్తారేమో అని చాలామంది తక్కువ చెప్తారు, కొందరు గొప్పకు ఎక్కువ చెప్తారు. 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం ప్రకారం ఒక ఇల్లు చెప్పిన వివరాలు గోప్యంగా ఉంచాలి, లెక్కలకు తప్ప ఇంకో పనికి వాడకూడదు. ఈ సంగతి ఇంట్లో చెప్పండి. తలుపు కొట్టినప్పుడు మీరు ఇంట్లో ఉంటే, అమ్మకు కుర్చీ వేయండి. ఆమె పక్కన కూర్చోండి. తెలియని మాట వస్తే తెలుగు చేసి చెప్పండి. జవాబు మాత్రం మీరు చెప్పొద్దు, ఆమెనే చెప్పనివ్వండి.

మన శాఖకు కూడా ఒక పని ఉంది. దసరా సెలవులకు అందరం ఊళ్లకు పోతాం. ఒక్కొక్కరం మన ఇంట్లో, పక్క రెండిళ్లలో ఆడవాళ్లు వారం రోజుల సరుకులను ఏ మాటలతో, ఏ కొలతలతో లెక్క చెప్తారో ఒక కాగితం మీద యథాతథంగా రాసుకొద్దాం. ఎన్ని రూపాయలో రాయనక్కర్లేదు, అది వాళ్ల సొంత విషయం. 'పట్టింది', 'వచ్చింది', 'సరిపోయింది', 'సర్దుకున్నాం' లాంటి మాటలు చాలు. ముఖ్యంగా 'సర్దుకున్నాం' అన్న మాట ఎక్కడెక్కడ వస్తుందో గుర్తు పెట్టండి. ఏ సరుకు దగ్గర ఆ మాట వచ్చిందో చూస్తే ఆ ఇంటి బతుకు గురించి ఎంతో తెలుస్తుంది. నిఘంటువుల్లో లేని మాటలు కూడా దొరుకుతాయి. మేడంలు ఒప్పుకుంటే గోడపత్రిక వచ్చే సంచిక ఆ మాటలకే ఇద్దాం. నేను చాందా నుంచి తెచ్చే కాగితానికి కింది వరసలో కాస్త చోటుంచండి.